ఎగువవాని స్నానము, దిగువవాని పానము

కడుపు కూటి కేడ్చుచుండగా కొప్పు పూల కేడ్చినదని తెలుగునాట ఒక సామెత కలదు. అక్కర లేనిచోట అలంకారమునకు వెంపరలాడువారిని చూచి పెద్దలు ఈ మాట అందురు. విద్యార్థులు వారము పదిదినములు కొండలకో, అడవులకో, ఏటి ఒడ్డునకో పోయి డేరాలలో నివసింప బయలుదేరినపుడు, ఎవడైన ఒక దువ్వెనయు, చిన్న అద్దమును, సబ్బుబిళ్ళయు మూటలో పెట్టుకొన్నచో తోటివారు ఈ సామెతనే జ్ఞాపకము చేసి నవ్వుదురు. అడవికి పోవుట యన్న తల మాసి, గోళ్ళలో మట్టి నిండి, వారము నాటి చొక్కాతో ఇల్లు చేరుటయే యనియు, అదియే సాహసమునకు గురుతనియు పలువురు భావింతురు.

ఈ భావము ఎంతవరకు సరియైనది? ఆరుబయట రెండు దినములు గడపి వచ్చువాడు మాసినను నష్టము లేదు. ఇల్లు చేరి కుంకుడురసముతో తలంటుకొన్నచో సరిపోవును. కాని పదిదినములు, నెలదినములు నింగి క్రింద నివసింపవలసినవానికి శుచి అలంకారము కాదు. అది వాని బలము. అంతకుమించి, వాని ప్రక్కన నిద్రించువాని ఆరోగ్యము; వాని దిగువన నీరు త్రాగువాని ప్రాణము. ఈ కడపటి మాట కృష్ణాడెల్టాలో పుట్టి పెరిగినవారికి చెప్పినంత సులభముగా మరెవ్వరికిని బోధపడదు.

ఇల్లు విడిచి నివసించువారు

డేరా జీవితము మనకు పాశ్చాత్యులు నేర్పినది కాదు. పల్నాటినుండియు, ఇతర మెరకసీమలనుండియు గొఱ్ఱెలకాపరులు మేత వెదకుకొనుచు మందలను తోలుకొని డెల్టాలోనికి దిగుదురు. కోతలైన పొలములలో రాత్రులందు మంద కట్టించుకొని రైతులు ఎరువు సంపాదించుకొందురు. కాపరి ఈ దిన మొక పొలమున, మరునా డొక పొలమున నిద్రించును. బాతులను మేపువారును ఇట్టివారే. వరి కోసిన మళ్ళలో రాలినగింజలకును, నత్తలకును బాతులను వదలి, సాయంకాలమునకు గట్టుమీద వల చుట్టి వానిని నిలిపి, ఆ ప్రక్కనే చిన్న గుడారములో కుటుంబముతోకూడ వసింతురు. ఒకప్పుడు ఏలూరుకాలువ మీదుగా గోదావరివైపునకును, కొమ్మమూరుకాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసువైపునకును సరకుపడవలు నడుచుచుండెడివి. ఆ పడవవారు వారముల తరబడి నీటిమీదనే వండుకొని, తిని, నిద్రించిరి.

వీరి మూటలలో ఏమి యుండును? ఒక గిన్నె, ఒక చెంబు, ఒక గొంగడి లేక దుప్పటి, మార్చుకొనుటకు ఒక బట్ట. ఇంతియే. పండ్లకు వేపపుల్ల, లేదా కానుగపుల్ల. గిన్నెలకు పొయ్యిలోని బూడిద. తలకు కుంకుడుకాయ, లేదా సీకాయ. ఒంటికి సున్నిపిండి. బురదనీరు తేరుటకు కుండలోపల అరగదీసిన చిల్లగింజ. కాలువలకు ఎఱ్ఱనీరు వచ్చినపుడు డెల్టాలోని ఇల్లాండ్రు ఈ గింజనే వాడుచుండెడివారు. పొదుపైన ఈ సామగ్రితో మనిషి శుభ్రముగా నుండుట సాధ్యమే యని మన ముత్తాతలు ఏనాడో నిరూపించిరి.

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర మన సాహిత్యమున ప్రసిద్ధము. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగియైన ఈయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, సుమారు నూరుమంది పరివారముతో కాశి వరకు పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను. పదునైదు నెలలకు పైబడిన ప్రయాణ మది. రైలు లేదు; బస్సు లేదు. ఆయన వ్రాతలలో పాఠకుని ఆకర్షించు విశేషము, మజిలీ మజిలీకిని నీటివసతి ఎట్టిదో, బస చేయుటకు స్థలము ఎట్టిదో గమనించు శ్రద్ధ. నూరుమందిని నడిపించు పెద్ద మొదట చూడవలసినది గుడిగోపురమును గాదు, నీటిరేవును. విద్యార్థులను వెంటగొని పోవు ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

తుపాకికంటె చెడ్డ శత్రువు

శుచి లేని శిబిరము ఏమగునో చరిత్ర పలుమారులు చూపినది. 1899 మొదలు 1902 వరకు దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము జరిగెను. బ్రిటిషు సేనలో సుమారు 22 వేలమంది ప్రాణములు కోల్పోగా, వారిలో సగముకంటె ఎక్కువమంది తుపాకిగుండ్లకు గాక రోగములకు బలియైరి. అందు ముఖ్యమైనది టైఫాయిడు. కలుషితమైన నీరు, చేతులు కడుగని వంటవారు, మరుగుదొడ్లపై వ్రాలిన యీగలు — ఇవి ఆ సైనికులకు నిజమైన శత్రువులు. ఆ యుద్ధమున పేరుగాంచిన సేనాని బేడన్ పవెల్. ఆయనయే 1907 ఆగస్టులో ఇంగ్లండునకు చెందిన బ్రౌన్‌సీ దీవిలో సుమారు 20 మంది బాలురతో శిబిరము నడపి స్కౌటు ఉద్యమమునకు పునాది వేసెను. భారతదేశమున వేరువేరు స్కౌటు సంఘములు ఏకమై ఒక్క సంస్థగా 1950 నవంబరు 7న ఏర్పడినవి. డేరాల పరిశుభ్రతను తనిఖీ చేయుట స్కౌటు శిబిరములలో నిత్యవిధి యగుటకు వెనుక ఇట్టి చేదు అనుభవములు కలవు.

మనకు మరింత దగ్గరి యుదాహరణము కలకత్తాది. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కోఖ్ అక్కడ కలరా వ్యాపించిన యొక పేటలోని చెరువును పరీక్షించెను. చెరువు చుట్టు వసించువారు అందులోనే స్నానము చేయుచుండిరి, అందులోనే బట్టలుతుకుచుండిరి, ఆ నీటినే త్రాగుచుండిరి. ఆ నీటిలో ఆయనకు కలరా సూక్ష్మజీవి కనబడెను. అచ్చటి జనులు శుచి లేనివారు కారు. దినదినము స్నానము చేసినవారే. తప్పు స్నానము మానుటలో లేదు. స్నానమునకును పానమునకును ఒకే చోటు నెంచుకొనుటలో నున్నది. శిబిరమునకు పోవు ప్రతి విద్యార్థియు మఱువరాని సత్య మిది.

కలరా, టైఫాయిడులే కాక అడవికి ప్రత్యేకమైన రోగములును కలవు. పొదలలోను, గడ్డిలోను కంటికి కనబడనంత చిన్న నల్లిజాతి పురుగుపిల్లలు కుట్టుటచే స్క్రబ్ టైఫస్ అను జ్వరము వచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున బర్మా అడవులలో సైనికులను ఇది మిక్కిలి బాధించెను. ఆంధ్రప్రదేశములోను ఈ జ్వరము కనబడుచున్నది. కుట్టినచోట నల్లని పెచ్చు కట్టుట దీని గురుతు. గుర్తించి వెంటనే వైద్యుని చూచినచో నయమగును. అశ్రద్ధ చేసినచో ప్రాణాంతకము. పొదలలో తిరిగి వచ్చినవెంటనే ఒళ్ళు రుద్ది కడుగుకొని, ఆ బట్టలు విడిచి వేడినీట ఉతుకుట దీనికి మంచి నివారణోపాయము. అట్లే ఎలుకల మూత్రము కలిసిన నీటిలో పగిలిన కాళ్ళతో నడచువారికి ఎలుకజ్వరము వచ్చును. వరిచేలలో పనిచేయువారికిని, వరదనీటిలో నడచువారికిని ఈ భయ మెక్కువ. కావున మడమల పగుళ్ళను కాపాడుకొనుట సొగసు కాదు. ఆషాఢమాసమున నాట్లకు ముందు గోరింటాకు పెట్టుకొను డెల్టా స్త్రీల ఆచారమును ఈ దృష్టితో చూచినచో అందులో శోభయేగాక, నీటిలో నానెడి పాదములయందలి శ్రద్ధయు కనబడును.

ప్రతి ఎగువకును ఒక దిగువ కలదు

విజయవాడవద్ద కృష్ణకు అడ్డముగా ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో ముగిసినది. అది 1952లో తెగిపోగా దానిస్థానమున ప్రకాశం బ్యారేజి నిర్మాణమై 1957లో వాడుకలోనికి వచ్చెను. బ్యారేజికి తూర్పున ఏలూరుకాలువ, రైవిసు కాలువ, బందరుకాలువ పట్టణముగుండనే సాగిపోవును. పడమట గుంటూరువైపు కాలువలు. ఇవి పంటకాలువలు మాత్రమే యనుకొనుట పొరపాటు. దివిసీమలోను, బందరు ప్రాంతమునను భూగర్భజలము చాలచోట్ల ఉప్పన. అచ్చటి పల్లెలకు కాలువనీటితో నింపిన మంచినీళ్ళ చెరువే దిక్కు. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు ఆ చెరువులు నింపుకొని, తిరిగి నీరు విడుచువరకు దానితోనే కాలము గడపుదురు.

విజయవాడ రేవులో ఒకడు సబ్బు రుద్దుకొన్నచో ఆ నురుగు ఎచ్చటికి పోవును? అది మాయమగుట లేదు, కన్నులకు దూరమగుచున్నది. ఒకరి ఎగువ మరియొకరికి దిగువ. పడమటి కనుమలలో పుట్టిన కృష్ణ సుమారు 1400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవిచెంత సముద్రమును చేరును. దారి పొడవునను వేలాది గ్రామములు దీని నీటితో బ్రతుకుచున్నవి. పన్నెండేండ్ల కొకమారు వచ్చు పుష్కరములకు లక్షలాది జనులు ఈ నీట మునుగుదురు. 2016 ఆగస్టు 12వ తేదీ మొదలు 23వ తేదీ వరకు జరిగిన పుష్కరములయందు విజయవాడ ఘట్టములు జనముతో నిండిపోయెను. ఏటికి పవిత్రత ఉన్నదని నమ్మువాడు ఏటిలో సబ్బుతో బట్టలు పిండుట ఎట్లు న్యాయమగును?

కుంకుడుకాయ, సీకాయ ప్రకృతిసిద్ధము లగుటచే నీటికి హాని చేయవను వాదము కలదు. అది నిజము కాదు. కుంకుడులో నురుగు పుట్టించు పదార్థము చేపల మొప్పలకు విషము. కుంటలలో చేపలను మత్తెక్కించి పట్టుటకు ఇట్టి కాయలను వాడినవారు లోకమున పలుతావుల కలరు. కావున సబ్బైనను, కుంకుడైనను, సున్నిపిండియైనను నీటిలో కలుపరాదు. నీటిని పాత్రతో తెచ్చుకొని, ఏటికి రెండువందల అడుగుల దూరమున, అనగా డెబ్బది ఎనుబది పెద్దయంగల యెడమున, నేలమీద స్నానము చేయవలెను. ఆ నీరు మట్టిలోని కింకి పోవును. మట్టిలోని సూక్ష్మజీవులే దానిని శుద్ధిచేయును. శిబిరశాస్త్ర మంతయు ఈ ఒక్క వాక్యములో నిమిడి యున్నది: నీటివద్దకు మనిషి పోరాదు, మనిషివద్దకు నీరు రావలెను.

బిందెడు నీటి లెక్క

ఒక పాఠశాలనుండి 30 మంది విద్యార్థులును, ఇద్దరు ఉపాధ్యాయులును కొండపల్లి కొండలవైపున ఏడుదినములు డేరాలలో నివసింప బయలుదేరినా రనుకొనుడు. బొమ్మలకు వాడు తెల్లపొణికి చెట్లకు ఈ కొండలు ప్రసిద్ధము. వేసవి సమీపించినకొలది అచ్చట వాగులు ఎండును. మొదట తేల్చవలసినది నీటిలెక్క. విపత్తులలో నిరాశ్రయులకు సహాయము చేయు అంతర్జాతీయసంస్థలు త్రాగుటకు, వంటకు, శుభ్రతకు కలిపి మనిషికి దినమునకు 15 లీటర్లు కనీసముగా నిర్ణయించినవి. పదునైదు లీటర్లన్న ఇంచుమించు పెద్ద బిందెడు. మనిషికి బిందె చొప్పున దినమునకు 32 బిందెలు, 480 లీటర్లు. ఈ నీరు ఎచ్చటనుండి వచ్చునో, ఎవరు మోసెదరో బయలుదేరుటకు ముందే తెలిసియుండవలెను. తెలియనిచో బయలుదేరరాదు.

చేరినవెంటనే డేరాలు వేయుటకంటె ముందు నాలుగు స్థలములు నిర్ణయింపవలెను. అన్నిటికంటె ఎగువన త్రాగునీటి స్థలము. దానికి దిగువన వంట. ఇంకను దిగువన నీటికి ఎడముగా స్నానము, ఉతుకుడు. అన్నిటికంటె దూరముగా, గాలివాలు కానిచోట మరుగుదొడ్డి. ఈ క్రమము తారుమారైనచో ఎంత సబ్బు వాడినను ప్రయోజనము సున్న. త్రాగునీటికి ఒక విద్యార్థిని అధికారిగా నియమించి, అతడు తప్ప మరెవ్వరును ఆ కుండలో చేయి పెట్టకుండ, పొడుగుకాడ గరిటెతో నీరు పోయు ఏర్పాటు చేయుట మేలు. వాగు ఇసుకలో చెలమ తీసినచో నీరు తేటగా నూరును. చిల్లగింజ బురదను అణచును. కాని తేటనీరెల్ల మంచినీరు కాదు. తెర్లకాగి ఒక నిమిషమైనను అట్లు మరగినపిదపనే త్రాగవలెను. కాచుటకు వీలులేనిచో మందులదుకాణమున దొరకు క్లోరిను బిళ్ళలను, పెట్టెమీద వ్రాసిన కొలతప్రకారము వేసి, అరగంట ఆగవలెను.

నీరు చాలనిచోట స్నానము మానవలసిన పని లేదు. రెండు చెంబుల నీరు, ఒక మెత్తని గుడ్డ చాలును. మొదట ముఖము, పిదప మెడ, చేతులు, చంకలు, ఛాతి, వీపు, ఆమీద తొడలసందులు, తుదకు పాదములు. గుడ్డను ముంచిన నీటిలో తిరిగి ముంచక, ప్రతిసారియు చెంబునుండి కొంచెము వంపి పిండుచుండవలెను. చెమట నిలుచుచోటులే రోగము పుట్టుచోటులు. ఒళ్ళంతయు తడుపుటకు నీరు లేకపోయినను, చంకలు, తొడలసందులు, వ్రేళ్ళసందులు, ఈ మూడు దినదినము కడిగి పొడిగుడ్డతో అద్దుకొన్నవానికి తామర అంత సులభముగ పట్టదు.

బట్టల విషయమున ఒక చిన్న నియమము మంచిది. మూడుజతలు: ఒకటి ఒంటిమీద, ఒకటి త్రాటిమీద, ఒకటి మూటలో. మూటలోనిది రాత్రి నిద్రకే గాని పగలు తీయరాదు. ఎంత చెమటతో, ఎంత బురదతో దినము గడచినను, పొడిబట్టతో పరుండినవానికి నిద్ర పట్టును. డెల్టాగాలిలో తేమ ఎక్కువగుటచే నూలుబట్ట ఆలస్యముగా ఆరును. కావున ఉతుకుడు ప్రాతఃకాలముననే ముగింపవలెను. దుప్పట్లను మధ్యాహ్నపు టెండలో తిరగవేయవలెను. ఎండ ఖర్చులేని చాకలి.

పండ్లు తోముకొనుటకు వేపపుల్ల మంచిదే. కాని రక్షితారణ్యములో కొమ్మలు విఱుచుట తగదు. పుల్లలు ఊరినుండియే తీసికొని పోవలెను. ముప్పదిమంది ఏడుదినములు విఱిచినచో చిన్నచెట్టు మోడగును. గోళ్ళు బయలుదేరుటకు ముందురాత్రి కత్తిరించుకొనవలెను. దువ్వెన, తువ్వాలు, క్షౌరపుకత్తి ఒకరివి మరియొకరు వాడరాదు. పేలు దువ్వెనతోను, కొన్నిజాతుల కామెర్లు కత్తికి అంటిన రక్తముతోను ఒకరినుండి ఒకరికి ప్రాకును. తలకు నూనె మితముగా రాచుకొని, జుట్టును బిగించి ముడుచుట లేక జడవేయుట మేలు. లేనిచో దుమ్మంతయు తలమీదనే నిలుచును.

చేతులు కడుగుకొనుట అన్నిటికంటె ముఖ్యము. మరుగుదొడ్డికి పోయివచ్చినపుడును, వంటకు ముందును, భోజనమునకు ముందును తప్పదు. ఒక పాతడబ్బాకు అడుగున చిన్నచిల్లు పెట్టి, దానిలో పుల్ల బిగించి చెట్టుకొమ్మకు వ్రేలాడదీసినచో, పుల్ల సడలించినపుడు సన్నధారగా నీరు కారును. ఒక గ్లాసెడు నీటితో ఒకడు చేతులు కడుగుకొనవచ్చును. ప్రక్కనే త్రాటికి సబ్బు కట్టియుంచవలెను. సబ్బు లేనిచోట పొయ్యిబూడిదయు పనికివచ్చును. మన అమ్మమ్మలు బూడిదతో చేతులు తోముకొనుట మోటుతనము కాదని వైద్యులు నేడు అంగీకరించుచున్నారు.

మరుగుదొడ్డిని గూర్చి మాటలాడుటకు మనవారు సిగ్గుపడుదురు. ఆ సిగ్గే రోగమునకు తల్లి. ఒంటరిగా పోవువాడు నీటికి రెండువందల అడుగుల ఎడమున, జానెడు లోతున చిన్నగొయ్యి త్రవ్వి, పని ముగిసినపిదప మట్టితో పూడ్చవలెను. ముప్పదిమందికి మాత్రము ఇరువదిమందికి ఒకటి చొప్పున గోతులు త్రవ్వి, తడిక కట్టి, ప్రతివాడును పిడికెడు బూడిద, దోసెడు మట్టి చల్లు నియమము పెట్టవలెను. కొండలలో ఇది సులభము. డెల్టాలో అట్లు కాదు. అచ్చట నాలుగడుగులు త్రవ్వునంతలోనే నీరు తగులుచోటు లుండును. ఆ గొయ్యి బావిని చెఱచును. కావున లంకలలోను, పల్లపుసీమలోను శిబిరము వేయువారు ఏదైన పాఠశాలనో, పంచాయతీభవనమునో ఆశ్రయించి, కట్టిన మరుగుదొడ్లు గల తావుననే బస చేయుట ఉత్తమము.

నాగాయలంకకు దిగువనున్న మడఅడవులకు పోవువారి సమస్య వేరు. చుట్టును నీరే, కాని ఉప్పునీరు. అందులో సబ్బు నురుగదు. ఉప్పు పట్టిన బట్ట ఎండినట్లుండి రాత్రికి తిరిగి చెమ్మగిల్లి ఒంటిని ఒరయును. అచ్చట ఒళ్ళు ఉప్పునీటితోనే రుద్దుకొని, తుదకు ఒక్క చెంబు మంచినీటితో కడుగుకొనుట ఉపాయము. తీరపు ఇసుకనేలలలో రైతులు త్రవ్వు దొరువు అను గుంటలో తియ్యనినీ రుండుటకు కారణము కలదు. వానకు ఇసుకలో నింకిన మంచినీరు తేలికగుటచే ఉప్పునీటిమీద తేలియుండును. లోతు త్రవ్వినచో ఉప్పే. పైపైన త్రవ్వినచో తీపి. తొందరపడి లోతుగా తోడువాడు ఉన్న మంచినీటినిగూడ పోగొట్టుకొనును.

ఆడపిల్లల మాట

శిబిరము అనగానే ఆడపిల్లలను వెనుకకు లాగు తల్లిదండ్రులు నేటికిని కలరు. వారి భయములో అడవిమృగములకంటె స్నానమునకు చాటు లేదను బాధయే పెద్దది. ఇది సమంజసమైన బాధ. నాలుగు వెదురుగడలు, రెండు పాతదుప్పట్లు ఉన్నచో చాటు ఏర్పడును. ఈ రెండిటిని మోయుటకు బద్ధకించి సగముమంది విద్యార్థులను ఇంటివద్ద విడిచిపోవు పాఠశాలను ఏమనవలెను? నెలసరి దినములలో వాడు బట్టను సబ్బుతో ఉతికి, చాటున గాక ఎండలో ఆరవేయవలెను. చీకటిచాటున ఆరీయారని బట్టయే రోగకారణము. దుకాణపు మెత్తలు వాడువారు వానిని పాతిపెట్టక, కాగితములో చుట్టి మూసిన సంచిలో ఊరికి తిరిగి తేవలెను. వానిలోని ప్లాస్టికు ఏండ్లు గడచినను మట్టిలో కలియదు. ఈ ఏర్పాట్లను ఉపాధ్యాయిని ముందుగా, సూటిగా, సిగ్గులేకుండ వివరించినచో ఏ బాలికయు శిబిరమునకు దూరము కాదు.

ఎంగిలిమెదుకులను గూర్చియు ఒకమాట. డేరావద్ద మెతుకు పడినచో చీమలు, ఎలుకలు వచ్చును. ఎలుక వచ్చినచోటికి పాము వచ్చును. వానకాలపు పాముకాట్లు దివిసీమ రైతులకు తెలియనివి కావు. రాత్రులందు నేలమీద నిద్రించువారిని కట్లపాము కాటువేయుట అందఱెరిగినదే. గిన్నెలు వెంటనే తోమి, మెతుకులు దూరముగా పాతిపెట్టువాడు పరిశుభ్రతనేగాక, నిద్రించు తోటివారి ప్రాణములను కాపాడుచున్నాడు.

అక్కరకు వచ్చు విద్య

ఇంత శ్రద్ధ వారముదినముల వినోదమునకై అవసరమా యని ఎవరైన ప్రశ్నింపవచ్చును. డెల్టావాసి ఈ ప్రశ్న వేయరాదు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచెత్తి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. మిగిలినవారికి ఇల్లు లేదు. చెరువులలో ఉప్పునీరు నిండినది. వారికి సహాయము చేయ వెళ్ళిన సేవకులును, విద్యార్థులును ఆ నేలమీదనే నివసింపవలసివచ్చెను. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరము మొదలగు పేటలు నీటమునిగెను. ఆ సమయముననే బ్యారేజివద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించెను. పట్టణవాసులు మేడలపైన దినముల తరబడి చిక్కుకొని, చుట్టును నీరుండియు గ్రుక్కెడు మంచినీటికై ఎదురుచూచిరి. కొళాయి, మరుగుదొడ్డి, విద్యుద్దీపము, ఒక్క రాత్రిలో అన్నియు పోయి, మేడయే డేరా యైనది.

అట్టివేళ ఇంటిలో ఎవరికి తోచును? త్రాగునీటిని వేరుగా మూతపెట్టి, రెండు చెంబులతో పసివాని ఒళ్ళు తుడిచి, బూడిదతోనైనను చేతులు కడిగించి, వరదనీటిలో దిగినవారి కాళ్ళు శుభ్రముచేసి పొడిగుడ్డ అద్దుట ఎవరికి తెలియును? కొండపల్లి కొండలలో ఏడుదినములు బిందెలు మోసిన పదునాలుగేండ్ల బాలునికి తెలియును. చాటు కట్టుకొని స్నానము చేయ నేర్చిన బాలికకు తెలియును. శిబిరములో నేర్చిన విద్య పరీక్షలో మార్కులు తేకపోవచ్చును. అక్కరలో ఒక కుటుంబమును నిలుపును.

ఉపాధ్యాయులు దీనికై అడవివరకు పోవ నక్కరలేదు. పాఠశాల ఆవరణలో ఒక్క శనివారము చాలును. ఒక్కొక్క విద్యార్థికి బిందెడు నీరు కొలిచి యిచ్చి, ఉదయమునుండి సాయంకాలము వరకు త్రాగుట, వంట, కడుగుట దానితోనే జరుపుకొమ్మనవలెను. మధ్యాహ్నమునకే కొందరి బిందె ఖాళీయగును. ఎందులకు ఖాళీ యైనదో వారిచేతనే లెక్క చెప్పింపవలెను. ఆ లెక్క వారు జీవితమున మఱువరు.

ఇక సామెత మాట. కడుపు కూటి కేడ్చుచుండగా కొప్పునకు పూలు వలదు, నిజమే. కాని దువ్విన తల, కడిగిన చేయి, ఆరిన బట్ట పూలవంటివి కావు, కూటివంటివి. డేరా ముందర చెట్టుకు వ్రేలాడు చిన్న అద్దమును చూచి నవ్వవలసిన పని లేదు. అందులో ముఖము చూచుకొనువాడు తాను ఇంకను క్రమము తప్పలేదని తెలిసికొనుచున్నాడు. అతడు స్నానముచేసిన నీరు ఏటిలో కలియక మట్టిలో నింకినచో, దిగువనున్న ఏదో పల్లెలో అతని పేరైన ఎరుగని ఇల్లాలు నిర్భయముగా కడవ ముంచుకొనగలదు.